చిన్న బడిలో బాస్కెట్‌బాల్: కొత్తగా చేరిన పీడీ (వ్యాయామ టీచరు) అమ్మాయికి

అమ్మా,

ఆరు నుంచి పది దాకా కలిపి వంద మంది కూడా లేని జిల్లా పరిషత్ హైస్కూల్లో పోస్టింగ్ వచ్చిందని, బాస్కెట్‌బాల్ జట్టుకు ఆడపిల్లలు చాలడం లేదని రాశావు. ఈ ఏడాదికి వదిలేసి, సంఖ్య పెరిగాక చూద్దామా అని అడిగావు. వద్దమ్మా. చిన్న బడిలో సంఖ్య దానంతటది పెరగదు. ఉన్నవాళ్ళ లెక్కకు ఆటనే కుదించుకో.

ముందు హాజరు పట్టీ దగ్గర పెట్టుకుని లెక్క వెయ్యి. తొంభై మందిలో ఆడపిల్లలు నలభై అయిదు మంది అనుకుందాం. పదో తరగతి వాళ్ళను స్టడీ అవర్లు లాగేస్తాయి. పక్క ఊళ్ళ వాళ్ళు లాంగ్ బెల్లు కొట్టగానే బస్సుకో ఆటోకో పరుగెత్తాలి. చురుకైన పిల్లలు కొందరు అయిదో తరగతి అవగానే గురుకులాలకు వెళ్ళిపోయి ఉంటారు. ఇంటి పనులు మీద పడ్డవాళ్ళను కూడా తీసేస్తే నీకు మిగిలేది పది పన్నెండు మంది, రోజూ వచ్చేది ఏడెనిమిది మంది. సెల్‌ఫోన్లొచ్చి పిల్లలకు ఆటల మీద ఆసక్తి చచ్చిపోయిందని స్టాఫ్ రూములో అంటారు. ఫోను సంగతి ఉన్నదే. కానీ ఆసక్తిగా వచ్చిన పిల్ల కూడా పది రోజుల్లో మానేస్తోందంటే, చాలాసార్లు దానికి కారణం గ్రౌండులోనే ఉంటుంది. ఒక్క బంతి, పన్నెండు మంది వరస. అరగంట ఎండలో నిలబడితే మూడు షాట్లు. అందులో రెండు రింగుకు కూడా అందవు. మర్నాడు ఎందుకొస్తుంది?

అందుకే డబ్బు ముందు బంతులకు ఖర్చుపెట్టు. సమగ్ర శిక్ష కింద హైస్కూలుకు ఏటా ఆటల సామగ్రికి 25,000 రూపాయల దాకా గ్రాంటు ఉంటుంది. అందులో బాస్కెట్‌బాల్ వాటా ఎంతో హెచ్ఎంతో ముందే మాట్లాడుకో. తోలు బంతి జోలికి పోకు, మట్టి నేల మీద దాని పై పొర నెలల్లో లేచిపోతుంది. రబ్బరు బంతులు తీసుకో. ఇద్దరికి ఒకటి చొప్పున ఆరో నంబరు బంతులు నాలుగు తీసుకో. ఆరు, ఏడు తరగతుల వాళ్ళకు అయిదో నంబరువి రెండు. ఏడు నంబరు బంతి మగపిల్లలది. ఆడపిల్లల చేతికి అదే ఇచ్చి నేర్పితే షాటు రెండు చేతులతో విసరడం అలవాటవుతుంది, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. పంపుతో పాటు సూదులు నాలుగైదు కొను. సూదిని తడి చేసి, నిటారుగా గుచ్చాలి. పొడి సూదిని వంకరగా తోస్తే లోపలి వాల్వు చిరిగి బంతి రెండు రోజులకోసారి మెత్తబడుతుంది, తప్పేమో బంతి కంపెనీ మీదకు పోతుంది. గాలి సరిపోయిందో లేదో చూడాలంటే తల ఎత్తు నుంచి వదులు. నడుము పైదాకా లేస్తే చాలు.

పూర్తి కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. అది నీకిప్పుడు అక్కర్లేదు. రింగున్న ఒక్క పోలు, 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల లోతు నేల ఉంటే త్రీ బై త్రీ ఆడించవచ్చు. ఇదేదో సర్దుబాటు ఆట అని ఎవరైనా అంటే, టోక్యో ఒలింపిక్స్ నుంచి అది ఒలింపిక్ క్రీడ అని చెప్పు. జట్టుకు నలుగురు: ముగ్గురు ఆడతారు, ఒకరు మార్పుకు. ఎనిమిది మంది వస్తే రెండు జట్లు తయారు. పది నిమిషాల ఆట, ఎవరు ముందు 21 చేస్తే వాళ్ళు గెలిచినట్టు. రింగు ముందు వంపుగా గీసే గీతే ఆర్క్. దాని లోపలి నుంచి వేస్తే ఒక పాయింటు, బయటి నుంచి వేస్తే రెండు. అవతలి వాళ్ళు బుట్ట వేయగానే మన పిల్ల రింగు కింద బంతి అందుకుని డ్రిబుల్‌తోనో పాస్‌తోనో ఆర్క్ బయటికి తెచ్చాకే మళ్ళీ దాడి. మొదట్లో పిల్లలు ఇది మర్చిపోయి అక్కడే షాటు కొట్టేస్తారు. ఆర్క్‌ను సున్నంతో లావుగా గీయించు, బంతి గీత దాటగానే అందరూ ‘క్లియర్’ అని అరవాలని చెప్పు. వారంలో అలవాటవుతుంది. ఈ ఆటలో దాక్కోవడానికి చోటుండదు. అయిదుగురి ఆటలో బంతి ముట్టకుండా మ్యాచి గడిపేసే పిల్ల ఇక్కడ మాటిమాటికీ ముడుతుంది. మానేయకుండా నిలబెట్టేది అదే.

రింగు నేల నుంచి 3.05 మీటర్లు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు అది ఎత్తు ఎక్కువ. మినీ బాస్కెట్‌బాల్‌లో 2.60 మీటర్లే. పాత రింగేదైనా ఉంటే ఖాళీ గోడకు ఆ ఎత్తులో బిగించు, ఆరో తరగతి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి వేస్తుంటారు. మూడేళ్ళ తర్వాత నీ జట్టు వాళ్ళే. పోలు బోర్డు కిందే నిటారుగా ఉంటే పరుగున వచ్చి గుద్దుకుంటారు, ఆరడుగుల ఎత్తు వరకు పాత కొబ్బరిపీచు పరుపు చుట్టి తాడుతో గట్టిగా కట్టించు.

ప్రాక్టీసు నలభై నిమిషాలు చాలు. ఊళ్ళో పిల్లలకు పొద్దున ప్రార్థనకు ముందు, బస్సు పిల్లలకు చివరి పీరియడు. రెండు చోట్లా అదే పాఠం, శనివారం అందరూ కలిసి ఆట. మొదటి అయిదు నిమిషాలు దిగడం నేర్పు. వరండా మెట్టు మీద నుంచి రెండు కాళ్ళ మీద దూకి, మోకాళ్ళు వంచి, ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండాలి, పదిసార్లు. మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయేమో ఎదురుగా నిలబడి చూడు. ఎదిగే వయసు ఆడపిల్లల్లో మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం అలా దిగినప్పుడు ఎక్కువ. హవాయి చెప్పులతో ఆడనివ్వకు. బూట్లు లేని పిల్ల ఉంటే నలుగురిలో అడగకుండా హెచ్ఎంకు విడిగా చెప్పు.

లేఅప్ మీద, అంటే పరుగున వచ్చి రింగు పక్కన ఎగిరి వేసే షాటు మీద మాత్రం ఓపిక పట్టు. కుడిచేతి వాటం పిల్ల కుడివైపు నుంచి ఏటవాలుగా వచ్చి, కుడికాలు, ఎడమకాలు వేసి, ఎడమకాలి మీద ఎగరాలి. రింగు దగ్గరకు రాగానే కంగారులో అడుగు చిన్నదై, తప్పు కాలి మీద ఎగురుతారు, లేదా మూడో అడుగు వేసేసి ట్రావెలింగ్ (బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వేసిన తప్పు) అవుతుంది. బంతి తీసేసి, రెండు అడుగుల చోట సున్నంతో గుండ్రాలు గీసి, ముందు నడిపించు. తర్వాత పరుగు, ఆ తర్వాతే బంతి. బోర్డు మీద గీసిన చిన్న పెట్టెలో తన వైపు పై మూలకు తాకిస్తే లోపలికి జారుతుంది. చూపు రింగు మీద కాదు, ఆ మూల మీద ఉండాలి.

అయిదుగురి టోర్నీకి ఆరేడు మందితో వెళ్ళాల్సి రావచ్చు, భయపడకు. మొదలుపెట్టడానికి అయిదుగురు ఉండాలి. తర్వాత తగ్గినా ఇద్దరు మిగిలినంతసేపు ఆట ఆగదు. బెంచీ మీద ఇద్దరే ఉన్నప్పుడు కోర్టంతా వెంటాడే ప్రెస్ వేయించకు, మూడో క్వార్టరుకే ఊపిరి అయిపోతుంది. టూ-త్రీ జోన్ కట్టించు: ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఎవరి చోటు వాళ్ళు కాపాడాలి. జోన్‌లో జరిగే పొరపాటేమిటంటే షాటు పైకి లేవగానే అందరూ బంతి వంక చూస్తూ నిలబడిపోతారు, ఎదుటి పిల్ల వెనక నుంచి వచ్చి రీబౌండు (రింగుకు తగిలి తిరిగొచ్చే బంతి) ఎగరేసుకుపోతుంది. షాటు లేవగానే దగ్గరున్న పిల్లను వీపుతో ఆపి, ఆ తర్వాతే బంతి కోసం చూడాలి. మూడు ఫౌళ్ళు పడ్డ పిల్లను బంతి మీద చెయ్యి వేయొద్దని, చేతులు పైకెత్తి నిలబడమని చెప్పు. అయిదోది పడితే బయటికే. జట్టే కుదరకపోయినా పిల్లల్ని ఎంపికలకు తీసుకెళ్ళు, మండలం నుంచి జిల్లాకు విడివిడిగా పిల్లల్ని చూసి ఎంచుకునే చోట బడికి జట్టు లేకపోవడం అడ్డు కాదు.

ఇళ్ళకు ఒక్కదానివే వెళ్ళకు. క్లాసు టీచరమ్మతో వెళ్ళు, తల్లితో మాట్లాడు. ఎన్నింటికి వదులుతావో, ఎవరు వెంట ఉంటారో కచ్చితంగా చెప్పి, ఆ టైము ఒక్కరోజు కూడా దాటనివ్వకు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఆశ పెట్టకు. అది రాష్ట్ర, జాతీయ స్థాయికి వెళ్ళిన కొద్దిమంది మాట. మన పిల్ల రోజూ నలభై నిమిషాలు పరుగెత్తుతుంది, నలుగురిలో గొంతెత్తి మాట్లాడుతుంది అని చెప్పు. చున్నీ లేకుండా ఎలా అంటారు, వదులు టీషర్టు, ట్రాక్ ప్యాంటు సరిపోతుందని చూపించు. నెలసరి రోజుల్లో ఆడలేని పిల్లను కారణం అడగవద్దు. వచ్చి స్కోరు రాయవచ్చనే నియమం ముందే పెట్టు, లేకపోతే ఆ నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉండి అయిదో రోజు కూడా రాదు. గడియ పడే మరుగుదొడ్డి, అందులో నీళ్ళు లేకపోతే బంతుల కంటే ముందు హెచ్ఎంతో మాట్లాడాల్సింది దాని గురించే.

పదో తరగతి పిల్లల్ని పూర్తిగా మాన్పించమంటారు. ఒప్పుకోకు, అలాగని పంతానికీ పోకు. డిసెంబరు దాకా వారానికి మూడు రోజులు, ఆ తర్వాత రెండు రోజులు, ఇరవై నిమిషాలు చొప్పున అని జూన్‌లోనే కాగితం మీద రాసి హెచ్ఎం సంతకం తీసుకో. ఆటల పీరియడు లెక్కల సారు అడిగితే ఇవ్వు, కానీ ఆ వారంలోనే ఆయన పీరియడొకటి నీకు తిరిగి వచ్చేలా చూసుకో.

బడికి వెళ్ళేటప్పుడు పది మీటర్ల టేపు వెంట తీసుకెళ్ళు, బళ్ళో ఉండదు. సోమవారం వెళ్ళగానే రింగు బోల్టులు బిగించి, ఎత్తు కొలిచి నాకు ఫోన్ చెయ్యి. 3.05 కంటే తక్కువుంటే పోలు కుంగిందో, బోర్డు జారిందో చూసి చెబితే ఏం చేయించాలో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ పెద్ద మాస్టారు