ఒమెగా-మైనస్ స్ట్రేంజ్‌నెస్ లెక్క

ప్రశ్న: కె-మైనస్ + ప్రోటాన్ → ఒమెగా-మైనస్ + కె-ప్లస్ + కె-జీరో. ఈ చర్యలో స్ట్రేంజ్‌నెస్ (కణంలో ఉన్న స్ట్రేంజ్ అనే రకం క్వార్కుల లెక్క) మారకూడదంటారు. అదే ఒమెగా-మైనస్ విఘటనం చెంది క్సై-జీరో, పై-మైనస్‌లుగా మారితే స్ట్రేంజ్‌నెస్ −3 నుంచి −2 అవుతోంది. నియమం ఉన్నట్టా, లేనట్టా? మొదటి చర్యకు కావలసిన కనీస శక్తిని ద్రవ్యరాశుల తేడాతో కడితే తప్పెందుకు?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: నియమం ఉంది, కానీ అన్ని బలాలకూ కాదు. ఆవేశం, బేర్యాన్ సంఖ్య (ప్రోటాన్ లాంటి మూడు క్వార్కుల కణాల లెక్క) మారిన చర్య ఇంతవరకు ఒక్కటీ కనబడలేదు. స్ట్రేంజ్‌నెస్‌ను మాత్రం బలమైన బలం, విద్యుదయస్కాంత బలం కాపాడతాయి, బలహీన బలం కాపాడదు.

మీ చర్యలో ఎడమవైపు స్ట్రేంజ్‌నెస్ −1. కుడివైపు −3 + 1 + 1, అంటే −1. చాలామంది తప్పేది ఇక్కడే: ఆవేశం లేదు కదా అని కె-జీరోకు స్ట్రేంజ్‌నెస్ కూడా సున్నా వేస్తారు. స్ట్రేంజ్ క్వార్క్‌కు −1, దాని ప్రతికణానికి +1. కె-ప్లస్, కె-జీరో రెండింటిలోనూ ఉన్నది ప్రతికణమే.

ఇక విఘటనం. ఒమెగాలో మూడూ స్ట్రేంజ్ క్వార్కులే. క్సై-జీరో + కె-మైనస్‌గా విడిపోతే ఆవేశం, బేర్యాన్ సంఖ్య, స్ట్రేంజ్‌నెస్ అన్నీ సరిపోతాయి. చాలనిది శక్తి: ఆ రెండింటికీ 1315 + 494 = 1809 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) కావాలి, ఒమెగా దగ్గర ఉన్నది 1672. అందుకే బలహీన బలమే దిక్కు. అది ఒక అడుగులో స్ట్రేంజ్‌నెస్‌ను ఒక్కటే మారుస్తుంది. లామ్డా (ఒకే స్ట్రేంజ్ క్వార్క్ ఉన్న కణం) + పై-మైనస్‌గా నేరుగా విడిపోవడం కనబడకపోవడానికి కారణం ఇదే, అక్కడ తేడా 2. బలమైన బలంతో 10⁻²³ సెకన్లలో ముగియాల్సిన ఆయుష్షు 8.2 × 10⁻¹¹ సెకన్లకు పెరిగింది. కాంతి అంతసేపట్లో సుమారు 2.5 సెం.మీ. వెళ్తుంది. 1964లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో, కణాల దారి బుడగల గీతగా కనిపించే హైడ్రోజన్ బబుల్ ఛాంబర్ ఫొటోలో ఒమెగా జాడ విడిగా కంటికి దొరికిందంటే ఆ ఆయుష్షు చలవే.

రెండో సందేహం. పుట్టే మూడు కణాల ద్రవ్యరాశి మొత్తం 2664, ఢీకొనే రెండింటిది 1432; తేడా 2664 − 1432 = 1232 ఎంఈవీ. కానీ ప్రోటాన్ నిలకడగా ఉంది. కేయాన్ (ఇక్కడ కె-మైనస్) తెచ్చిన ద్రవ్యవేగం తర్వాతా మిగలాలి కాబట్టి పుట్టిన కణాలు ఆగి ఉండలేవు, వాటి గతిజశక్తికీ మనమే ఖర్చు పెట్టాలి. సరైన లెక్క: (2664² − 1432²) ÷ (2 × 938), ఇందులో 938 ప్రోటాన్ ద్రవ్యరాశి, అంటే సుమారు 2690 ఎంఈవీ. రెట్టింపు కన్నా ఎక్కువ! ఇది గతిజశక్తి. ప్రశ్నలో కిరణపుంజం ద్రవ్యవేగం అడిగితే కె-మైనస్ ద్రవ్యరాశి 494 కలిపి, 3184² − 494² వర్గమూలం తీయండి: సుమారు 3150 ఎంఈవీ/సి. బ్రూక్‌హేవెన్‌లో వాడింది 5000.