పాత ఆస్టన్ మార్టిన్ లాంటి చేత్తో చేసిన బ్రిటిష్ కార్లంటే కొందరికి అంత పిచ్చి ఎందుకు?

ఈరోజుల్లో మామూలు ఎలక్ట్రిక్ కారు కూడా సిగ్నల్ దగ్గర వాటిని దాటేసి వెళ్లిపోతుంది, మైలేజీ లేదు, రిపేరు ఖర్చు చూస్తే గుండె ఆగుతుంది, మరి ఎందుకంత రేటు పెట్టి కొంటారు అని అడిగారు కదా. మీరన్నవన్నీ కరెక్టే. స్పీడ్ కోసమే అయితే ఇవాళ ఎవరూ అవి కొనక్కర్లేదు.

నేనుండేది ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో, పక్కనే న్యూపోర్ట్ ప్యాగ్నెల్, 1950ల నుంచి 2007 దాకా ఆస్టన్ మార్టిన్ కార్లు తయారైన ఊరు. మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర 1983 మోడల్ ఆస్టన్ మార్టిన్ వీ8 ఉంది. వీకెండ్‌లో ఆయన గ్యారేజీ షట్టర్ లేపిన సౌండ్ వినిపిస్తే నేను వెళ్లి స్పానర్లు అందిస్తూ, లైట్ పట్టుకుంటూ, అడిగినవీ అడగనివీ అన్నీ నేర్చుకుంటూ ఉంటా, అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

ముందు ఆ బాడీ సంగతి. కింద స్టీల్ ఛాసీ, పైన మొత్తం అల్యూమినియం రేకు. పెద్ద ప్రెస్ మెషిన్లో దభీమని ఒక్క దెబ్బకి వచ్చిన షేపు కాదది. ఇంగ్లిష్ వీల్ అని ఒకటుంటుంది, రెండు చక్రాల మధ్య రేకు పెట్టి ముందుకీ వెనక్కీ తోస్తూ పోతే మెల్లిగా వంపు తిరుగుతుంది, ఎంత నొక్కాలి ఎక్కడ ఆపాలి అన్నది చేసేవాడి చేతికే తెలుసు. మాది విజయవాడ, ఆటోనగర్‌లో మా మావయ్యకి టింకరింగ్ షెడ్డు ఉండేది, సొట్ట తీశాక కళ్లతో చూడ్డం కాదు, అరచేత్తో రేకు మీద నిమిరి ఇంకా ఇక్కడ ఎత్తుందిరా అనేవాడు. న్యూపోర్ట్ ప్యాగ్నెల్లో టిక్‌ఫోర్డ్ స్ట్రీట్ ఫ్యాక్టరీ వాళ్లదీ అదే విద్య, కాకపోతే వాళ్లు సొట్ట తీయడం కాదు, కారు మొత్తం అలాగే పుట్టించారు. ఒక్కో కారుకి సుమారు 1200 గంటల పని పట్టేదని చెప్తారు.

దీనివల్ల ఏమవుతుందంటే ఏ రెండు కార్లూ అచ్చం ఒకేలా ఉండవు. ఇంకో వీ8 నుంచి డోర్ తీసుకొచ్చి దీనికి బిగిద్దామంటే సందులు కుదరవు, మళ్లీ కూర్చుని సరిచేసుకోవాలి. పెద్దాయన ఒకసారి డోర్ లోపలి లెదర్ ప్యాడ్ ఊడదీసినప్పుడు దాని వెనక పెన్సిల్‌తో రాసిన నంబర్ చూపించారు, ఈ కారుదే, ఈ ప్యాడ్ ఈ డోర్ కోసమే కోశాం అని గుర్తు. నలభై ఏళ్ల కిందట ఎవరో ఒకాయన చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి రాసుకున్న అంకెలు, చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాకు ఆ కారు మీద ప్రేమ పుట్టింది అక్కడే అండీ, బయట పెయింట్ చూసి కాదు.

ఇంజిన్ కూడా అంతే. 5.3 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది, మొత్తం అల్యూమినియం, డిజైన్ చేసింది టాడెక్ మారెక్ అనే పోలండ్ ఇంజినీర్, అంతకుముందు ఆస్టన్ మార్టిన్ డీబీ4, డీబీ5 మోడళ్ల సిక్స్ సిలిండర్ ఇంజిన్ కూడా ఆయనదే. ఒక ఇంజిన్‌ని మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి బిగిస్తాడు, ఆ పేరుతో చిన్న ప్లేటు ఇంజిన్ మీదే ఉంటుంది. బానెట్ ఎత్తగానే కంపెనీ బోర్డుతో పాటు ఒక మనిషి పేరు కనిపించడం అన్నది నేనింకే కారులోనూ చూడలేదు.

స్టార్ట్ చెయ్యడం చూడాలి మీరు. కీ తిప్పగానే వెనక నుంచి పెట్రోల్ పంపు టిక్ టిక్ టిక్ అని వేగంగా కొట్టుకుంటుంది, నాలుగు వెబర్ కార్బ్యురేటర్లు నిండే కొద్దీ ఆ చప్పుడు నిదానిస్తుంది, అప్పుడు యాక్సిలరేటర్ రెండుసార్లు నొక్కి క్రాంక్ చేస్తే ముందు నాలుగైదు సిలిండర్లు దగ్గుతూ లేస్తాయి, కాసేపటికి ఎనిమిదీ కలిసి ఒకే గొంతు అవుతాయి. వేడెక్కేదాకా ఆయన కదిలించరు. రోడ్డెక్కాక అది 1800 కిలోల బరువున్న బండి అని తెలుస్తూనే ఉంటుంది, కానీ యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఆ బరువంతా ఒక్క ఊపులో ముందుకి లేస్తుంది, లోపల మాత్రం వాల్‌నట్ చెక్క, లెదర్ వాసన, డ్రాయింగ్ రూమ్‌లో కూర్చున్నట్టే. రేస్ కారు దమ్మూ ఇంటి సుఖమూ రెండూ ఒక్కదాంట్లో పెట్టాలన్నది వాళ్ల పంతం, ఆ పంతానికి కంపెనీ చాలా డబ్బు పోగొట్టుకుంది కూడా, 1972లో అప్పటి ఓనర్ డేవిడ్ బ్రౌన్ కంపెనీని అమ్మేశారు, 1974 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది, కొత్త ఓనర్లు కొని మళ్లీ నడిపారు, 1987లో ఫోర్డ్ చేతికి వెళ్లింది. లెక్కలు చూసుకునేవాడైతే ఆ కార్లు అలా చెయ్యడు.

ఇంకో మాట, నా దృష్టిలో అసలు మాట ఇదే. చేత్తో చేసింది కాబట్టి చేత్తో బాగుచెయ్యొచ్చు. పార్టు దొరక్కపోతే కొత్తగా చేసిపెట్టేవాళ్లు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఉన్నారు, టిక్‌ఫోర్డ్ స్ట్రీట్‌లోనే కంపెనీ వర్క్‌షాప్ పాత కార్లని ఇప్పటికీ విప్పి బాగుచేస్తోంది. ఇవాళ్టి కారులో ఒక స్క్రీనో చిప్పో పోయి కంపెనీ ఆ పార్టు ఆపేస్తే నలభై ఏళ్ల తర్వాత ఎవరేం చెయ్యగలరు చెప్పండి?

యూకేలో ఉండి కొనాలనుకునేవాళ్లకి చివరిగా ఒకటి. నలభై ఏళ్లు దాటినవాటికి రోడ్ ట్యాక్స్ ఉండదు, పెద్ద మార్పులు చెయ్యకపోతే ఎంఓటీ టెస్ట్ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు, అయినా మా పెద్దాయన ప్రతి ఏడాదీ చేయిస్తారు, మీరూ చేయించండి. మెరిసే పెయింట్ చూసి పడిపోవద్దు. అల్యూమినియం తుప్పు పట్టదు అనుకుంటారు గానీ అది స్టీల్‌కి ఆనుకున్న చోట తేమ చేరితే తెల్లగా పొడిలా రాలిపోతుంది, డోర్ల కింద ఉండే సిల్స్ స్టీలు కాబట్టి లోపల్నుంచే తినేసి ఉంటాయి, బయటికి కనపడవు. లిఫ్ట్ ఎక్కించి, ఈ కార్ల మీద పనిచేసినవాళ్లని తీసుకెళ్లి కింద నుంచి చూపించండి, పాత బిల్లుల ఫైలు మొత్తం చదవండి. సిల్స్ చూడనివ్వను అనే ఓనర్ అయితే రేటు ఎంత తగ్గించినా వచ్చేయండి.