పోటు వేళ పిట్టల్ని లేవనివ్వకు

అమ్మలూ,

తీరం రిజర్వ్‌లో వార్డెన్ ఉద్యోగం వచ్చిందని, అదీ చలికాలం మొదట్లోనే చేరమన్నారని నీ మెసేజ్ చూశాను. చాలా సంతోషం, దాంతోపాటు కొంచెం కంగారు కూడా. వేసవిలో చేరినవాళ్లకు గూళ్లు, పిల్లలు, వచ్చీపోయే జనం కళ్లెదురుగా ఉంటాయి కాబట్టి ఏం చేయాలో చూడగానే తెలిసిపోతుంది. చలికాలంలో కనిపించేది బురద, గాలి, ఎక్కడో దూరంగా బూడిదరంగు చుక్కల్లా పిట్టలు, అంతే. మొదటి వారంలోనే "ఇక్కడ నేను చేయడానికి ఏముంది" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఇన్నేళ్లు ఆ బురద పక్కనే తిరిగిన తర్వాత చెబుతున్నాను, చలికాలంలో వార్డెన్ పని పిట్టల్ని అనవసరంగా లేవనివ్వకపోవడమే. కంచె బాగుచేయడం, లెక్కలు, జనంతో మాటలు, తూము తిప్పడం, అన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ముందు గోడ గడియారాన్ని పక్కన పెట్టు. నీ డ్యూటీ ఉదయం 8 గంటలకని కాగితం మీద ఉంటుంది, పిట్టలకు మాత్రం ఆటుపోట్లే టైమ్‌టేబుల్. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే రోజురోజుకూ ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, ఈ రోజు ఉదయం 7కి నిండు పోటు ఉంటే వారం తిరిగేసరికి అది మధ్యాహ్నం 1 దగ్గరికి జరుగుతుంది. ఆటు వేళ నీళ్లు తగ్గి బురద బయటపడితే పిట్టలన్నీ దాని మీద చెదిరిపోయి పురుగులు, నత్తలు, చిన్న పీతలు ఏరుకుని తింటాయి. రాత్రి ఆటు వచ్చినా అంతే, చీకట్లోనూ తింటాయి. పోటు ఎక్కి బురద మునిగాక మిగిలిన కాస్త ఇసుకదిబ్బ మీదో గడ్డి గట్టు మీదో వందలూ వేలూ ఒకేచోట చేరి నిలబడతాయి. నిద్రపోవడం, ఈకలు సర్దుకోవడం, తిన్నది అరిగించుకోవడం అంతా ఆ రెండు మూడు గంటల్లోనే. నువ్వు కాపలా ఉండాల్సింది ఆ రెండు మూడు గంటలకే. అందుకని నెల మొదట్లోనే పోట్ల పట్టిక ముందేసుకుని, నిండు పోటుకు గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత దాకా వేరే ఏ పనీ పెట్టుకోకుండా డైరీలో ఎర్ర పెన్నుతో గీసెయ్.

పట్టికను గుడ్డిగా నమ్మకు. అందులో వేసిన టైము ఏదో ఒక రేవుకు వేసింది, నీ చోట కొన్ని నిమిషాలు అటూ ఇటూ ఉంటుంది, అది నీకు నువ్వే చూసి రాసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు వస్తాయి. దానికి తోడు గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది, అంటే తుఫాను వాతావరణంలో పీడనం 30 మిల్లీబార్లు పడిపోతే పట్టికలో ఉన్నదానికంటే అడుగు నీళ్లు ఎక్కువ, పైగా గాలి సముద్రం వైపు నుంచి కొడితే ఇంకా ఎక్కువ. అలాంటి రోజు మామూలుగా పిట్టలు నిలబడే దిబ్బలన్నీ మునిగి ఒక్కటో రెండో మిగులుతాయి. సెలవు రోజైనా సరే, ఆ రోజు నువ్వు అక్కడ ఉండు.

ఎందుకింత పట్టుదల అంటావేమో. డన్లిన్ అనే చిన్న ఉల్లంకి పిట్ట బరువు 50 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, అంటే ఒక కోడిగుడ్డంత. అంత చిన్న ఒంట్లో వేడి నిలవదు. చలి ముదిరితే బురదలో పురుగులు లోతుకు పోతాయి, తిండి దొరకడం కష్టమవుతుంది, సరిగ్గా అప్పుడే ఒంటికి ఎక్కువ తిండి కావాలి. నిలబడి ఉండటానికయ్యే శక్తికి ఎన్నో రెట్లు ఎగరడానికి ఖర్చవుతుంది. ఒకసారి లేపితే చచ్చిపోవు, కానీ ఒక కుక్క, తర్వాత ఇద్దరు ఫొటోలు తీసేవాళ్లు, తర్వాత ఒక డ్రోన్, రోజూ ఇదే జరిగితే అవి తిన్నదంతా రెక్కలకే పోతుంది. చలికాలం చివర వేల కిలోమీటర్లు తిరుగు ప్రయాణం ఉంటుంది, దానికి కావాల్సిన కొవ్వు ఇక్కడే పట్టాలి. 2022లో అయిదు నెలల వయసున్న బార్ టెయిల్డ్ గాడ్విట్ అనే ఒక వలస పిట్ట, ఎక్కడుందో జాడ చెప్పే ట్యాగ్ కట్టుకుని అలాస్కా నుంచి టాస్మానియా దాకా సుమారు 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా దిగకుండా ఎగిరింది. దిగకుండా అంటే తినకుండా అని కూడా. బయల్దేరే ముందు ఎక్కడో ఒక బురద ఒడ్డున దాన్ని ప్రశాంతంగా తిననిచ్చారు కాబట్టే అది సాధ్యమైంది.

అవి ఎప్పుడు లేస్తాయో ముందే కనిపెట్టడం నేర్చుకో, మిగతా విద్యలన్నీ దీని తర్వాతే. దూరంగా కూర్చుని స్కోపులో, అంటే స్టాండు మీద పెట్టే దుర్భిణిలో, ఒక్క పిట్టనే పట్టుకుని పది నిమిషాలు చూడు. ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దూర్చి ఉంటుంది, కన్ను మూస్తుంది, కొన్ని క్షణాలకు సన్నగా తెరుస్తుంది, మళ్లీ మూస్తుంది. ఇలా ఉన్నంతసేపూ అంతా బాగున్నట్టే. తర్వాత గుంపులో సన్నగా నడుస్తున్న కిచకిచ ఆగుతుంది. ముక్కులు బయటికొస్తాయి. దాచిన రెండో కాలు కిందికి దిగుతుంది. మెడలు సాగుతాయి, ఒకటి రెండు అడుగులు నీటి వైపు వేస్తాయి. ఎర్రకాళ్ల ఉల్లంకి ఉంటే అదే అందరికంటే ముందు గట్టిగా అరుస్తుంది. నీ నడక వల్ల మెడలు సాగాయంటే అక్కడే ఆగిపో, కూర్చో, లేదా వచ్చిన దారినే మెల్లగా వెనక్కి వెళ్లు. రెక్కలు విప్పాక చేయగలిగింది ఏమీ లేదు. ఇంకో మాట, డేగ వచ్చి గుంపు మొత్తం లేచిపోతే అది నీ తప్పు కాదు, దాని బతుకు దానిది. నోట్‌బుక్‌లో మాత్రం ఏది దేనివల్ల లేచిందో విడివిడిగా రాయి.

నా మొదటి జనవరి లెక్కల రోజు నేను చేసిన పొరపాటు నీకు చెప్పాలి. దూరం నుంచి సరిగా కనబడటం లేదని గట్టు చాటున ఇంకో యాభై అడుగులు ముందుకు పోయాను. నిండు పోటు, దిబ్బ చుట్టూ నీళ్లు. రెండు వేల దాకా పిట్టలు ఒక్కసారిగా లేచాయి, దిగడానికి వేరే చోటు లేక నా తల మీదుగా ఇరవై నిమిషాలు చుట్టూ తిరిగాయి, నేను కదిలితే ఇంకా భయపడతాయని తడి గడ్డిలో బోర్లా పడుకుని ఉన్నాను. ఆ రెక్కల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ రోజు లెక్క రాలేదు, పిట్టలకు నిద్రా పోయింది.

లెక్కల మాటకొస్తే, ప్రపంచమంతా జనవరిలో ఒకే సమయంలో నీటిపక్షులను లెక్కపెడతారు. ఇది 1967 నుంచి నడుస్తోంది, ఆసియాలో 1987 నుంచి. నీ చిన్న కాగితం ఆ పెద్ద పుస్తకంలో ఒక వరుస అవుతుంది, అందుకే ఎప్పుడూ ఒకే చోట నిలబడి, సూర్యుడు నీ వీపు వెనక ఉండేలా చూసుకుని, పోటు ఎక్కుతూ పిట్టలు గుంపు కట్టేటప్పుడు లెక్కపెట్టు. ముందు పదింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది స్కోపులో ఎంత చోటు పట్టాయో కళ్లకు అలవాటు చేసుకో, తర్వాత అదే కొలతతో వంద, వందతో గుంపు మొత్తం కొలువు. రెండుసార్లు లెక్కపెట్టి రెండూ రాయి. ఏమీ కనబడకపోతే ఖాళీ వదలకుండా సున్నా వెయ్యి, ఖాళీ ఉంటే రేపు చూసేవాళ్లకు నువ్వు వెళ్లావో లేదో తెలియదు. పిట్టను గుర్తుపట్టడానికి పరిశోధకులు వేసిన రంగు రింగులు కాళ్లకు కనిపిస్తే పిట్ట ఎడమ కాలు, పిట్ట కుడి కాలు అని రాయాలి, నీకు కనిపించే ఎడమ కుడి కాదు. పై నుంచి కిందికి వరుసగా రాయి. ఒక అక్షరం సరిగా కనబడకపోతే ఊహించి పూరించకు.

ఇక మనుషులు. చాలామంది చెడ్డవాళ్లు కారమ్మా, వాళ్లకు తెలియదు. కుక్కను వదిలేసిన పెద్దాయనకు దూరంగా ఉన్నవి రాళ్లలా కనిపిస్తాయి. గట్టిగా అరిచి, రూల్ నంబర్ చెబితే ఆయన ఆ రోజు వెళ్లిపోతాడు, మర్నాడు నువ్వు లేని టైము చూసి వస్తాడు. దగ్గరికెళ్లి నమస్కారం పెట్టి, స్కోపు ఆయన ఎత్తుకు దించి ఒక్కసారి చూడమను. ఆ రాళ్లకు కళ్లు, ముక్కులు కనిపించాక చాలామంది అడక్కుండానే కుక్కకు గొలుసు తగిలిస్తారు. కుక్కను ఎక్కడ వదలొచ్చో కూడా చెప్పు, వద్దని మాత్రమే చెప్పేవాళ్ల మాట ఎవరికీ నచ్చదు. మళ్లీ మళ్లీ అదే పని చేసేవాళ్లు కొందరుంటారు, వాళ్లతో ఒంటరిగా గొడవపడకు, తేదీ, టైము రాసుకుని పైవాళ్లకు పంపు.

తుఫాను తర్వాత తీరం వెంట నడవాలి, ఆటు మొదలయ్యాకే. పోటు వదిలి వెళ్లిన గీతలో సముద్రపు నాచు కుప్పలుగా ఉంటుంది, చూడటానికి బాగోలేదని దాన్ని ఎత్తించాలనిపిస్తుంది. వద్దు. ఆ కుళ్లే నాచు కింద బతికే పురుగులే గడ్డు రోజుల్లో పిట్టల తిండి. ప్లాస్టిక్, వలల ముక్కలు, గాలపు దారాలు చేత్తో ఏరు, మిషన్‌తో మాత్రం ఊడ్పించకు. గాలపు దారం చిన్న ముక్కైనా వదలకు, పిట్ట కాలికి చుట్టుకుంటే ఆ కాలు తెగేదాకా పోతుంది.

చచ్చిన పిట్ట కనిపిస్తే ఒట్టి చేతులతో అస్సలు తాకకు. బర్డ్ ఫ్లూ అడవి పక్షుల్లో ఎంతగా పాకిందో నీకు తెలుసు. దూరం నుంచి ఫొటో, చోటు, ఏ జాతి, ఎన్ని, ఇవి రాసి వెంటనే చెప్పు. ఒకేచోట నాలుగైదు కనిపిస్తే సాయంత్రం దాకా ఆగొద్దు. బూట్లు అక్కడే కడిగి, వాటి మీద క్రిములు చచ్చే మందు చల్లాకే ఇంకో చెరువు వైపు వెళ్లు. నూనె అంటిన పిట్ట దొరికితే జాలిపడి నువ్వే సబ్బుతో కడిగెయ్యకు, చల్లబడి చచ్చిపోతుంది. చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే అట్టపెట్టెలో వెచ్చగా, చీకటిగా ఉంచి తెలిసినవాళ్లకు అప్పగించు.

తూము దగ్గర పెద్దగా చెప్పడానికేమీ లేదు, జాలీకి పట్టిన చెత్త రెండు రోజులకోసారి తీసి, కొలబద్ద మీద అంకె రాస్తే చాలు. ఒక బెత్తెడు నీళ్లు పెరిగితే బురద పిట్టలకు చోటు పోతుంది, బాతులకు చోటు దొరుకుతుంది, కాబట్టి ఎవరి కోసం తిప్పుతున్నావో తెలిశాకే తిప్పు. కంచె పనులు, పొదలు కొట్టడం లాంటివి గూళ్లు కట్టే కాలానికి ముందే అయిపోవాలి, వాటికి మిషన్లు ఆటు వేళే నడవాలి.

చివరిగా నీ సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. పోటు ముందు నుంచి రాదు, నీ వెనక ఉన్న కాలువల్లో మొదట నిండుతుంది. ఎదురుగా ఇంకా పొడి బురద కనిపిస్తూనే ఉంటుంది, తిరిగి చూస్తే దారి ఉండదు. ఆటు అడుగంటకముందే లోపలికి వెళ్లి, నీళ్లు తిరిగేలోపే బయటికి వచ్చెయ్, అదీ ఒంటరిగా కాకుండా. కాలు దిగబడితే గుంజుకోకు, గుంజిన కొద్దీ పట్టేస్తుంది. వెనక్కి వాలి కూర్చుని, బరువు పరుచుకునేలా చేసి, కాలిని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ నీళ్లు లోపలికి పోనివ్వు, అప్పుడు బురద వదులుతుంది. బూటు పోతే పోనీ. ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో రోజూ ఒకరికి చెప్పి వెళ్లు, వచ్చాక వచ్చానని చెప్పు. కాటన్ తడిస్తే వేడి మొత్తం లాగేస్తుంది, లోపల ఉన్ని వేసుకో, సంచిలో పొడి మేజోళ్లు ఒక జత ఎప్పుడూ ఉండాలి.

చేరగానే మొదటి వారం ఏమీ మార్చకు. మూడు పోట్లు పూర్తిగా, ఒకటి తెల్లవారుజామున, ఒకటి మధ్యాహ్నం, ఒకటి పొద్దుగూకే వేళ, ఒకేచోట కూర్చుని చూసి, ఏ పిట్టలు ఏ దిబ్బ మీద నిలబడ్డాయో, ఎన్నిసార్లు లేచాయో, ఎవరి వల్ల లేచాయో ఒక బొమ్మ గీసి నాకు పంపు. నీ చోటు ఎలాంటిదో దాన్ని చూశాకే ఇద్దరం మాట్లాడుకుందాం. అన్నట్టు, స్కోపు స్టాండు కాళ్లకు పాత గుడ్డ చుట్టుకో, పొద్దున్నే ఆ ఇనుము పట్టుకుంటే వేళ్లు పనిచేయవు, పెన్సిల్ కూడా పట్టలేవు.

నీ పెదనాన్న