కామిక్‌లోని బలరాముడి నాగలిని పెద్ద తెర మీదికి తేవాలంటే ఏం చూసుకోవాలి?

అడిగినది ఇది: శ్రీకాకుళంలో ముగ్గురు మిత్రులు కలిసి 48 పేజీల కామిక్ వేశారు. నాగావళి ఒడ్డున పొలం దున్నుకునే కుర్రాడికి బలరాముడి హలం దొరుకుతుంది, వాడు సూపర్‌హీరో అవుతాడు. దాన్ని సినిమాగా తేవాలి. ముందు 15 నిమిషాల నమూనా తీసి నిర్మాతలకు చూపించాలి. కథ ఎలా మార్చుకోవాలి, డ్రెస్సు, ఆయుధం, గ్రాఫిక్స్ సంగతేంటి?

బలరాముణ్ణి పట్టుకోవడం మంచి పని. ఆయన నాగలి చీల్చిన చాలే నాగావళి అయిందని మనవైపు చెప్పుకుంటారు. గుడివీధి ఉమారుద్ర కోటేశ్వరుణ్ణి ప్రతిష్ఠించింది ఆయనే అంటారు. అంటే ఈ కథకి ఊరు వెతుక్కోనక్కర్లేదు. కాకపోతే తెలుగు ప్రేక్షకుడికి బలరాముడంటే 1957 నాటి మాయాబజార్‌లో గుమ్మడి. ఇట్టే కోపం, ఇట్టే మెత్తబడటం. మీ హీరో ఆ పెద్దాయన వేషంలో ఉన్న కుర్రాడిలా కనిపిస్తే హాల్లో నవ్వుతారు.

కథ దగ్గర చాలామంది చేసే పొరపాటు, శక్తులు పెంచుకుంటూ పోవడం. కామిక్‌లో ఒక పేజీలో కొండ ఎత్తాడు కదా అని సినిమాలో రెండు కొండలు ఎత్తిస్తారు. మన పురాణాల్లో ఏ శక్తీ ఊరికే రాదు, దానికో షరతు ఉంటుంది. హనుమంతుడికి తన బలం తనకి గుర్తుండదు, జాంబవంతుడు గుర్తు చేయాలి. హిరణ్యకశిపుడి వరంలోనే వాడి చావుకి సందు ఉంది. బలరాముడి షరతు ఇంకా పదునైనది. భీముడికీ దుర్యోధనుడికీ గద నేర్పింది ఆయనే, కురుక్షేత్రం వచ్చేసరికి ఏ పక్షమూ చేరకుండా తీర్థయాత్రకి వెళ్లిపోయాడు. మీ హలానికి ఇదే నియమం పెట్టండి: అయినవాళ్ల తగవులో ఒక పక్షాన పట్టుకుంటే అది మామూలు కొయ్య నాగలి అయిపోతుంది. గట్టు తగాదాతో మొదలయ్యే కథకి ఇంతకన్నా ఏం కావాలి? 48 పేజీల్లో ఈ నియమం తెలిసే పేజీ, అది అడ్డం పడే పేజీ, దాన్ని దాటే పేజీ గుర్తు పెట్టుకోండి. నమూనా ఆ మూడింటి మీదే కట్టాలి. మిగతాది నిర్మాతకి నోటితో చెప్పుకోవచ్చు.

కాగితం పని సంగతి. బలరాముడు ఎవరి సొత్తూ కాదు. మీ చిత్రకారుడు గీసిన ఆ ముఖం, ఆ కవచం మాత్రం గీసినవాడి సొత్తు, కథ రాసినవాడిది. స్నేహితులమే కదా అని వదిలేయకండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటుంది చట్టం, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఇంకో మెలిక: హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేకుంటే, ఆ హక్కు పోతుంది. సినిమా పనికి ఏడాది ఏమూలకి? గడువు, ప్రాంతం, ఏయే మాధ్యమాలు, రాయల్టీ, ఆ ఏడాది షరతు వర్తించదన్న మాట, అన్నీ రాయించండి. రంగులు వేసినవాళ్ల సంతకం కూడా తీసుకోండి, నిర్మాత లాయరు మొదట అడిగేది అదే.

ఇక పేజీని షాట్లుగా విడగొట్టడం. పేజీకి 5 గళ్ల (ఒక్కో బొమ్మ ఉండే పెట్టెల) చొప్పున మీకు 240 గళ్లు ఉంటాయి. 15 నిమిషాల్లో షాటు సగటున 4 సెకన్లు అనుకుంటే 225 షాట్లు. లెక్క సరిపోయిందని గడికో షాటు వేసుకుంటే బొమ్మల కొలువు అవుతుంది. గడికీ గడికీ మధ్య తెల్ల సందులో జరిగేదాన్ని చదివేవాడు మనసులో కదిలించుకుంటాడు. తెర మీద ఆ కదలిక మీరే తీయాలి. నాగలి ఎత్తిన గడి, నేల చీలిన గడి కామిక్‌లో పక్కపక్కనే ఉంటాయి. తెర మీద మధ్యలో బరువు భుజం మీదికి ఎక్కడం, మడమ మట్టిలో దిగబడటం, ఊపిరి బిగపట్టడం కావాలి. మాటల బుడగల సంగతి కూడా ఇంతే. 20 మాటల బుడగని కన్ను రెప్పపాటులో చదివేస్తుంది, నటుడు పలకడానికి 9, 10 సెకన్లు పడుతుంది. ఆరు మాటలకి దించండి. వ్యాఖ్యానం పెట్టెలు మొత్తం తీసేయండి.

భాష విషయంలో నా పట్టు ఒకటుంది. కుర్రాడు సిక్కోలు యాసే మాట్లాడాలి, హలం పట్టాక కూడా. శక్తి రాగానే నాటకాల భాషలోకి మారితే అది వాడు కాదు, వేషం. "నానెల్లను. ఆల్లిద్దరూ మనోల్లే గదేటి" అన్న ఒక్క ముక్కలో కురుక్షేత్రం నాటి బలరాముడు మొత్తం ఉన్నాడు. యాసని నవ్వు కోసం వాడే అలవాటు సినిమాల్లో ఎలాగూ ఉంది, మీరు దాన్ని పెంచకండి.

ఫ్రేము కొలత ముందే తేల్చుకోండి. కామిక్‌లో హీరో నిలువు గడిలో తల నుంచి పాదం దాకా నిలబడతాడు. ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పున్న తెరలో అదే భంగిమ పెడితే మనిషి చిన్నబోయి చుట్టూ ఖాళీ మిగులుతుంది. భుజాన నిలువుగా లేచిన నాగలి ఉన్న హీరోకి 1.85 నప్పుతుంది. నేనైతే అదే తీసుకుంటాను.

రూపానికి మీరు కొత్తగా కనిపెట్టాల్సింది తక్కువ. నీలాంబరుడు, ఒక చెవికే కుండలం, తాటిచెట్టు గుర్తున్న జెండా, చేతిలో హలం, ముసలం. అయితే ఒక్కోదానికీ ఒక్కో చిక్కుంది.

గ్రాఫిక్స్ షాట్లకి వెనక ఒకే రంగు తెర కట్టి, తర్వాత కంప్యూటర్లో ఆ రంగుని తీసేస్తారు. నీలిబట్ట ఉంటే నీలి తెర ముందు తీయలేరు, తెరతో పాటు పంచె కూడా మాయమైపోతుంది. ఆకుపచ్చ తెర వాడాలి. అప్పుడు ఆకుపచ్చ వెలుగు ఒంటి మీదికి పాకుతుంది కాబట్టి మనిషిని తెరకి కనీసం 3 మీటర్ల ముందు నిలబెట్టండి, తెరకి వేరే లైట్లు ఇవ్వండి. ఆకుమడి మధ్యలో తీసే షాట్లకి తెర జోలికే వెళ్లకండి. బట్టకి పొందూరు ఖద్దరు బాగుంటుంది, ఒంటికి అతుక్కోకుండా ముడతలు అందంగా పడతాయి. కానీ నేత మరీ సన్నమైతే కెమెరాలో గీతలు అలల్లా మెరుస్తాయి. మీటరు ముక్క కొని, మీరు వాడే కెమెరాతోనే దగ్గర నుంచీ దూరం నుంచీ తీసి చూసుకున్నాకే మిగతాది కొనండి. మెరిసే నీలం వద్దు, నీలిమందు ముదురు రంగు. ఒకే డ్రెస్సు మూడు జతలు కావాలి: శుభ్రంగా ఒకటి, బురదది ఒకటి, చిరిగింది ఒకటి. పంచెకట్టు కుట్టించేయండి, నడుముకి ఎలాస్టిక్, లోపల ముదురు రంగు నిక్కరు. ఉత్త కట్టు రెండో టేకుకే జారుతుంది.

ఒంటి కుండలం చిన్న విషయంలా ఉంటుంది. ఎడిటింగ్‌లో చూపు దిక్కు కలవక షాటుని అద్దంలోలా తిప్పేయడం మామూలే. ఒక చెవికే కుండలం ఉన్నవాణ్ణి తిప్పితే రెండో చెవికి వెళ్లిపోతుంది. కాబట్టి ఎటు చూసి కొట్టాడో, ఏ చేత్తో మేడి పట్టాడో కంటిన్యూటీ చూసేవాళ్లు ప్రతి షాటుకీ రాయాలి.

డ్రామా సామాన్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర కిరీటాలు, భుజకీర్తులు దొరుకుతాయి. దూరం నుంచి చూసే స్టేజీకి అవి సరే. పెద్ద తెర మీద అద్దం బిళ్లలు లైటుకి చురుక్కుమంటాయి, అట్ట అంచు బయటపడిపోతుంది. అసలు కిరీటమే వద్దంటాను. 1962లో మార్వెల్ కామిక్స్‌లోకి వచ్చిన థోర్‌కి రెక్కల శిరస్త్రాణం ఆనవాలు. 2011లో సినిమా తీసినప్పుడు దాన్ని పట్టాభిషేకం దగ్గర చూపించి తర్వాత దాదాపు పక్కన పెట్టేశారు. ముఖం కనిపించకపోతే నటుడు లేనట్టే. మీవాడికి తలపాగా చాలు. ఇత్తడి కుండలం, నడుము పట్టీ కావాలంటే బుడితి ఇత్తడి పనివాళ్లతో చేయించండి. అసలు లోహం మెరుపుని రంగు ఇవ్వలేదు.

నాగలి మూడు రకాలు చేయించాలి. దగ్గరి షాట్లకి నిజం కొయ్య, నిజం ఇనప కర్రు. వడ్రంగి దగ్గర పాత నాగలే కొనండి, మేడి మీద చెయ్యి అరిగిన నునుపు కొత్తదానికి రాదు. తిప్పి కొట్టే షాట్లకి 2 కిలోలు దాటని నకలు: లోపల అల్యూమినియం గొట్టం, పైన 10 మిల్లీమీటర్ల ఈవా ఫోమ్ (రబ్బరులా మెత్తగా ఉండే షీటు), అంచులకి 5 మిల్లీమీటర్లది. మూడోది విరిగిన నాగలి.

ఫోమ్ అతకడానికి ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి జిగురు రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటనంత ఆరాకే నొక్కాలి. మామూలుగా 10, 15 నిమిషాలు, మన సముద్రపు గాలికి ఇంకాస్త. తడిగా ఉండగా అతికిస్తే ఎండకి అతుకు విచ్చుకుంటుంది. తర్వాత హీట్ గన్‌తో పైపొరని వేడి చేసి బిగించి, తెల్ల ఫెవికాల్ నీళ్లతో పల్చన చేసి మూడు నాలుగు పూతలు వేయాలి. ఈ పని మానేస్తే ఫోమ్ రంగుని తాగేస్తుంది. నల్లటి అడుగు పూత మీద పొడి బ్రష్షుతో లోహం రంగు తాకిస్తే ఇనుములా వస్తుంది. థర్మకోల్‌తో చేసి స్ప్రే పెయింట్ కొడితే అది కరిగిపోతుంది. వాన ముసురులో లక్క పాలిష్ వేస్తే పైన తెల్లటి మసక కమ్ముతుంది. నకలు కర్రు కొన మెత్తగా ఉందో లేదో ప్రతి ఉదయం నొక్కి చూడండి, బురద ఎండితే అదే రాయిలా తయారవుతుంది.

నేల చీలే షాటుకి మొత్తం గ్రాఫిక్స్ పెట్టనక్కర్లేదు. బాగా దున్ని, గడ్డలు తీసి జల్లించిన పొడి మట్టిలో 15 సెంటీమీటర్ల లోతున తాడు పరిచి, హీరో వైపు చివర ఒక చిన్న కర్రు కట్టి పాతిపెట్టండి. తాడు రెండో చివర నేలలో దిగ్గొట్టిన కప్పీ మీదుగా ఫ్రేము బయటి ట్రాక్టరుకి వెళ్తుంది. ట్రాక్టరు గంటకి 15 కిలోమీటర్లు పోతే కర్రు సెకనుకి 4 మీటర్లు కదులుతుంది, 20 మీటర్ల చాలు 5 సెకన్లలో విచ్చుకుంటూ కెమెరా వైపు వస్తుంది. సెకనుకి 48 ఫ్రేముల్లో తీసి 24లో వేస్తే తెర మీద 10 సెకన్లు, కోసుకోవడానికి బోలెడు. నైలాన్ తాడు మాత్రం వద్దు. అది సాగుతుంది, తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. సాగని పాలిస్టర్ తాడు వాడండి, తాడు గీతలో ఒక్క మనిషీ ఉండకూడదు, కెమెరాని దూరం నుంచి నడపండి. ముందు 5 మీటర్లకి చేసి చూసుకోండి. మట్టిలో తడి ఉంటే దుమ్ము లేవదు, పెళ్లలు లేస్తాయి.

నదిని నాగలితో లాగే షాటు మీ కామిక్‌లో రెండు పేజీల బొమ్మ అయి ఉంటుంది. కదిలే నీటిని కంప్యూటర్లో చేయడం చిన్న బృందం వల్ల కాదు. దానికి నాగావళే సాయం చేస్తుంది. మే నెలలో ఇసుక మేట, సన్నటి పాయ. వానలు పడ్డాక నిండు నీరు. రెండూ ఒకే చోటు నుంచి తీసి కలపండి. అందుకు ట్రైపాడ్ కాళ్ల దగ్గర గుర్తులు పాతాలి. లెన్సు, దాని ఎత్తు, వంపు కోణం, తీసిన వేళ అన్నీ రాసి పెట్టుకోవాలి. కదలని చెట్టో గుడి శిఖరమో ఫ్రేములో ఉండాలి. మనుషులు లేని ఖాళీ ప్లేటు (తర్వాత కలుపుకోవడానికి ఉత్త నేపథ్యం షాటు) ప్రతిదానికీ తీయాలి. ఒక జాగ్రత్త: నది ఒడిశా కొండల్లో పుడుతుంది, ఇక్కడ చినుకు లేకపోయినా పైన వాన పడితే నీరు పెరుగుతుంది. ఎగువన తోటపల్లి బ్యారేజీ గేట్ల సంగతి పొద్దున్నే కనుక్కుని గానీ ఇసుకలో దిగకండి. అక్టోబరులో ఔట్‌డోర్ పెట్టుకోకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెల రెండో వారంలోనే వచ్చాయి.

హీరో గాల్లోకి లేవడం నమూనాలో పెట్టకపోతేనే మేలు. రోపులు కట్టే నిపుణుడు లేకుండా మనిషిని వేలాడదీయకూడదు. కెమెరానే లేపండి, జిబ్ (కెమెరాని చివర కట్టి పైకెత్తే పొడవాటి కడ్డీ) మీద. దాని లెక్క విజయనగరం సిరిమాను చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు: కొస ఎంత పొడుగైతే మొదట అంత బరువు.

ఎడ్లు కనిపిస్తే జంతు సంక్షేమ బోర్డు ముందస్తు అనుమతి, తర్వాత సెన్సారుకి వాళ్ల పత్రం కావాలి. హీరోయే కాడి భుజాన వేసుకుని లాగితే ఆ బెడదా లేదు, షాటూ గొప్పగా ఉంటుంది. గుళ్లో తీయాలంటే దేవాదాయశాఖ ఈవోని అడగాలి. శ్రీముఖలింగం, శాలిహుండం కేంద్ర పురావస్తు శాఖవి, వాటి అనుమతి వేరు, ఆలస్యం అవుతుంది. డ్రోను ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో జోన్ చూసుకోండి, ముఖ్యంగా భోగాపురం విమానాశ్రయం వైపు.

సంగీతానికి తప్పెటగుళ్లు, తూర్పు భాగోతం మద్దెల రికార్డు చేయించండి. కర్రు మట్టిలో దిగే చప్పుడు మాత్రం విడిగా, నిశ్శబ్దంగా ఉన్న తెల్లవారుజామున, పొడి నేలలో ఒకసారి, తడి నేలలో ఒకసారి తీయండి. కామిక్‌లో పెద్ద అక్షరాలతో రాసిన "ధన్" స్థానంలోకి వచ్చేది అదే.

చివరికి డీసీపీ, అంటే థియేటర్ ప్రొజెక్టరుకి ఇచ్చే డిజిటల్ ఫైలు, చేయించాక (1.85కి 2కే అంటే 1998×1080, సెకనుకి 24 ఫ్రేములు) ఉదయం ఆట మొదలవకముందు ఏదైనా ఊరి థియేటర్లో వేయించుకుని వెనక వరుస నుంచి చూడండి. కామిక్‌లో నల్లసిరా రాత్రులు అందంగా ఉంటాయి. పాత ప్రొజెక్టరు దీపం కింద ముదురు నీలం పంచె, చీకటి, నాగలి మూడూ ఒకే ముద్ద అవుతాయి. అలా అయితే రాత్రి సీన్లని గ్రేడింగ్‌లో (రంగూ వెలుగూ సరిచేసే పనిలో) కాస్త పైకి లేపి, కర్రు అంచు మీద సన్నటి వెలుగు గీత పడేలా సరిచేయించి మళ్లీ అదే థియేటర్లో వేసి చూడండి.