పాస్‌పోర్టులో ఒక పేరు, మైళ్ల ఖాతాలో ఇంకో పేరు

ప్రశ్న: పెళ్లయ్యాక డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు మార్పించుకున్నాను. పాస్‌పోర్టు పుట్టింటి పేరుతోనే ఉంది. విమానయాన సంస్థ ప్రయాణాలకు ఇచ్చే మైళ్లు, అంటే పాయింట్లు, జమయ్యే ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతా కొత్త పేరుతో తెరిచాను. పాస్‌పోర్టు పేరుతో కొన్న టికెట్టుకు మైళ్లు జమ కాలేదు. ఇంకో ఖాతా తెరవనా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, ఆ పని మాత్రం చేయకండి. ఒకే పథకంలో ఒక మనిషికి రెండు ఖాతాలను సాధారణంగా ఒప్పుకోరు. బయటపడితే మైళ్లు కూడా పోవచ్చు. పాస్‌పోర్టు కాపీ, వివాహ ధ్రువపత్రం పంపి, ఉన్న ఖాతాలోనే పేరు మార్పించండి.

టికెట్ల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని, గట్టిగా చెబుతున్నాను: విదేశీ ప్రయాణాల్లో పాస్‌పోర్టు పేరే ప్రమాణం. ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. పై వరుసలో ముందు ఇంటిపేరు, రెండు బాణపు గుర్తుల తర్వాత సొంత పేరు వస్తాయి. అక్కడ పేరుకున్న చోటు 39 గడులే. ఖాతాలో ఆ వరుస చూసి నింపండి. బోర్డింగ్ పాసులో పేరు ముక్కలు కలిసిపోయి కనిపిస్తే కంగారు పడకండి, అది మామూలే.

పాస్‌పోర్టునూ మార్చే ఆలోచన ఉంటే ముందు అది, తర్వాత ఖాతా. చేతిలో టికెట్టు ఉండగా రెండూ కదపొద్దు.

పోయిన మైళ్ల మీద ఆశ వదులుకోకండి. బోర్డింగ్ పాసు, 13 అంకెల టికెట్టు నంబరు జతచేసి అడగవచ్చు. దానికి గడువుంటుంది, ఈ వారమే పేరు సరిచేయించి దరఖాస్తు పెట్టండి.