బ్యాక్ రోకి ముగ్గురిని ఎంచుకునేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి,

జాతీయ రగ్బీ జట్టు సెలెక్టర్లలో నువ్వూ ఒకడివైనందుకు చాలా సంతోషంగా ఉంది. నువ్వు పంపిన బ్యాక్ రో పేర్లు చూశాను, అంటే ఇరు జట్ల ఎనిమిదేసి మంది ఫార్వర్డ్స్ ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్‌లో వెనక ఉండే ఆరు, ఏడు, ఎనిమిది నంబర్ల వాళ్లవి. ముగ్గురూ గట్టి ఆటగాళ్లే, విడివిడిగా ఎవరికీ వంక పెట్టలేను. కానీ ముగ్గురిదీ ఒకటే ఆట, బంతి చంకన పెట్టుకుని ఎదుటివాళ్ల మీదికి దూసుకెళ్లడం. మరి ట్యాకిల్ తర్వాత, అంటే బంతి ఉన్నవాడిని పట్టి పడేశాక, నేల మీదున్న బంతిని లాక్కునేదెవరు? పక్క గీత దాటిన బంతిని మళ్లీ లోపలికి విసిరే లైనవుట్‌లో, ఎగిరి దాన్ని అందుకునే మూడో జంపర్ ఎవరు? ఈ రెండింటికీ ఆ జాబితాలో జవాబు లేదు.

పేర్లు రాసే ముందు పనులు రాసుకో. ట్యాకిల్ అయ్యాక బంతి కోసం పెనుగులాడే బ్రేక్‌డౌన్‌లో పడిపోకుండా కాళ్ల మీద నిలబడి బంతిని అందుకునేవాడు కావాలి. స్క్రమ్ వెనక నుంచి బంతి ఎత్తుకుని గెయిన్ లైన్ (ఆ ఆట మొదలైన చోటి ఊహాగీత) దాటించేవాడు కావాలి. డెబ్బై నిమిషాలు దాటాక కూడా మొదటి నిమిషంలో చేసినట్టే ట్యాకిల్ చేసేవాడు కావాలి. లైనవుట్‌లో ఎగిరేవాడు, బ్యాక్స్ (స్క్రమ్ బయట ఉండి పరుగెత్తే ఆటగాళ్లు) పక్కనే పరుగెత్తి బంతి అందుకుని అందించేవాడు కూడా కావాలి. పనులు అయిదు, మనుషులు ముగ్గురు. ఒక్కొక్కడు ఒక పనిలో మేటి అయి, ఇంకో పనిలో నమ్మదగ్గవాడైతే చాలు. అన్నీ చేయగలవాడి కోసం వెతుకుతూ కూర్చోకు, అలాంటివాడు తరానికొకడు దొరికితే గొప్ప.

ఎక్కడ మొదలుపెట్టాలంటావా? చాలామంది ఎనిమిదో నంబర్‌తో మొదలుపెడతారు. నేనైతే అసలు బ్యాక్ రోతోనే మొదలుపెట్టను. ముందు లాక్స్ (స్క్రమ్ రెండో వరుసలో ఉండేవాళ్లు) ఇద్దరినీ తేల్చుకో. ఇద్దరూ బాగా ఎగిరేవాళ్లైతే, ఏడో నంబర్‌లో పొట్టిగా, నేల మీద చురుగ్గా ఉండేవాడిని ధైర్యంగా ఆడించవచ్చు. వాళ్లలో ఒకడు స్క్రమ్‌లో బరువు కోసం ఉన్నవాడైతే ఆరో నంబర్ తప్పకుండా జంపర్ కావాలి. ఈ ఒక్కటి తేలితే నీ పని సగం అయిపోయినట్టే.

2003 ప్రపంచకప్ ఇంగ్లండ్ జట్టు ఆటలు మళ్లీ ఒకసారి చూడు. లారెన్స్ డలాలియో బంతి మోసేవాడు, నీల్ బ్యాక్ నేల మీద బంతికి ముందుగా చేరేవాడు. జనం ఈ ఇద్దరి గురించే ఎక్కువ మాట్లాడుకునేవారు. మూడోవాడు రిచర్డ్ హిల్. మిగతా ఇద్దరూ వదిలేసిన పని ఏదైతే అది అతనిది. రక్ (నేల మీది బంతి పైన గుమిగూడిన ఆటగాళ్ల గుంపు) శుభ్రం చేయడం, తోటివాడు తప్పిన ట్యాకిల్‌ని వెనక నుంచి అందుకోవడం, దెబ్బలు తినే చోట ముందుండడం. జార్జియాతో మొదటి మ్యాచ్‌లోనే తొడ కండరం పట్టేసి వారాల తరబడి ఆడలేకపోయాడు. అయినా కోచ్ క్లైవ్ వుడ్‌వర్డ్ అతన్ని ఇంటికి పంపలేదు. కోలుకోగానే నేరుగా ఫ్రాన్స్‌తో సెమీఫైనల్‌కి దింపాడు. ఆ తర్వాత ఫైనల్లో ఆస్ట్రేలియా మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో 20-17తో గెలిచారు. ఆ టోర్నీలో సెలెక్షన్ పరంగా నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం అదే.

హిల్ లాంటివాడు నీ లెక్కల కాగితంలో కనపడడు. ట్యాకిల్స్ ఎన్ని, మీటర్లు ఎన్ని అని చూస్తే వేరేవాళ్లు పైకొస్తారు. మ్యాచ్ వీడియో పెట్టుకుని, బంతిని వదిలేసి ఒక్క మనిషినే పది నిమిషాలు చూడు. రక్ దగ్గరికి రెండోవాడిగా ఎన్నిసార్లు వచ్చాడు, కిందపడ్డాక ఎంత త్వరగా లేచాడు అన్నవి గమనించు.

ఇద్దరు ఓపెన్‌సైడ్ ఆటగాళ్లను, అంటే ఏడో నంబర్ రకం వాళ్లను, కలిపి ఆడించవచ్చా అని నువ్వు తప్పకుండా అడుగుతావు. ఆడించవచ్చు. 2015 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా డేవిడ్ పోకాక్‌ని ఎనిమిదో నంబర్‌లో, మైకేల్ హూపర్‌ని ఏడులో పెట్టింది. అది కుదిరిందంటే కారణం ఆరో నంబర్ స్కాట్ ఫార్డీ. లైనవుట్‌లో ఎగరడం, మోటు పని చేయడం అతని వంతు. ట్వికెన్‌హామ్‌లో వాళ్లు ఇంగ్లండ్‌ని 33-13తో ఓడించి గ్రూపు దశలోనే ఇంటికి పంపారు. అప్పుడు ఇంగ్లండ్ ఏడో నంబర్ క్రిస్ రాబ్‌షా. ఎంతో కష్టపడే మనిషి, పైగా కెప్టెన్. కానీ సహజంగా ఆరో నంబర్‌కి సరిపోయే ఆటగాడు. బంతి లాక్కోవడంలో యూరప్‌లోనే పేరున్న స్టెఫన్ ఆర్మిటేజ్ ఫ్రాన్స్‌లో ఆడుతున్నాడని, విదేశీ క్లబ్బుల నిబంధన వల్ల పక్కన పెట్టారు. నీ బోర్డుకీ అలాంటి నిబంధన ఉంటే, బ్యాక్ రో విషయంలో దాని ఖరీదు ఎంతో వాళ్లకి ముందే చెప్పు. కెప్టెన్ ఎవరన్నది మాత్రం బ్యాక్ రో తేలాకే మాట్లాడు.

ఆ 2015 ప్రపంచకప్ ఫైనల్లో పోకాక్, హూపర్‌లను న్యూజిలాండ్ 34-17తో ఓడించింది. వాళ్ల బ్యాక్ రో కైనో, మెకా, రీడ్‌ల ఆట నీకు తెలిసిందే.

ఇంకో సంగతి. బ్యాక్ రో ఎంత బాగున్నా, స్క్రమ్‌లో ముందుండే అయిదుగురు నిలబడకపోతే ఆ లోటు తీర్చలేదు. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ బ్యాక్ రో టామ్ కరీ, శామ్ అండర్‌హిల్, బిల్లీ వునిపోలా కలిసి న్యూజిలాండ్‌కి ఊపిరాడనివ్వలేదు, 19-7తో గెలిచారు. వారం తర్వాత ఫైనల్లో సరిగ్గా అదే ముగ్గురు. ప్రాప్ (స్క్రమ్ ముందు వరుస ఆటగాడు) కైల్ సింక్లర్ మొదటి నిమిషాల్లోనే గాయపడి వెళ్లిపోయాడు, స్క్రమ్ వెనక్కి పోయింది, దక్షిణాఫ్రికా 32-12తో కప్పు ఎత్తుకెళ్లింది. ముగ్గురు కుర్రాళ్లూ ఆట మరిచిపోలేదు కదా! వాళ్లకి ముందుకు పరుగెత్తే బంతే దొరకలేదు.

ఆ దక్షిణాఫ్రికా వరుస కూడా చూడు, వాళ్ల దగ్గర ఆరు, ఏడు నంబర్లు తారుమారుగా ఉంటాయని గుర్తుంచుకుని. సియా కొలిసి, పీటర్-స్టెఫ్ డు టోయ్, డ్వేన్ వెర్ములెన్. డు టోయ్ మొదట లాక్‌గా ఆడినవాడు. అందుకే లైనవుట్ గురించి దిగులు లేదు. 2023 ప్రపంచకప్ ఫైనల్లో అతనొక్కడే 28 ట్యాకిల్స్ చేశాడు, వాళ్లు 12-11తో గెలిచారు. ఆ మ్యాచ్‌కి బెంచ్ మీద ఏడుగురు ఫార్వర్డ్స్‌ని పెట్టారు. స్క్రమ్ ముందు వరుస మధ్యలో ఉండే హుకర్ ఎంబోనాంబీ ఆరంభంలోనే గాయపడితే, ఫ్లాంకర్‌గానూ (ఆరు లేదా ఏడో నంబర్) హుకర్‌గానూ ఆడగల డియాన్ ఫూరీ వచ్చి చివరిదాకా నిలబడ్డాడు. కాబట్టి బెంచ్‌ని విడిగా ఆలోచించకు. నీ ఏడో నంబర్ అరవై నిమిషాలకే అలిసిపోయే రకమైతే, లోపలికి వచ్చేవాడు కూడా బంతి లాక్కునేవాడే కావాలి. అక్కడ ఇంకో బరువైన మనిషిని దింపితే చివరి ఇరవై నిమిషాల్లో మీ బ్రేక్‌డౌన్ ఖాళీ అవుతుంది.

నీ జాబితాలో ఎనిమిదో నంబర్ కుర్రాడిని ఉంచు, అతను నాకూ నచ్చాడు. మిగతా ఇద్దరిలో ఒకరిని బెంచ్‌కి మార్చి, ఆ స్థానంలో నేల మీద బంతికి వెళ్లేవాడిని చూడు. ఈసారి పంపేటప్పుడు ముగ్గురి పేర్లే కాదు, లాక్స్ ఇద్దరివీ, లైనవుట్ కాల్స్ ఎవరు ఇస్తారో, బెంచ్ మీద ఎవరుంటారో కూడా రాయి. చూసి వెంటనే జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య