ఒకటే పొయ్యి, ఒకటే ప్లగ్గు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అమ్మా, నేనూ నా స్నేహితురాలూ కూకట్‌పల్లిలో ఒక మేడమీద గదిలో ఉంటున్నాం. ఉన్నది ఒక ఇండక్షన్ స్టవ్, ఒక ప్లగ్ పాయింట్. పొద్దున అన్నం, పప్పు, కూర చేసేసరికి ఆఫీసు టైమ్ దాటిపోతోంది. గోంగూర పప్పు అయితే ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు బద్దలుగానే ఉంటోంది. ఈ మధ్య ప్లగ్ దగ్గర కాలిన వాసన కూడా వస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ వాసన సంగతి చూడండమ్మా, వంట తర్వాత. మీ స్టవ్ వెనక ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. చాలావాటికి 1,800 నుంచి 2,000 వాట్లు ఉంటుంది. ఫ్యాన్, ఫోన్ ఛార్జర్ పెట్టుకునే చిన్న పాయింట్ 6 ఆంపియర్లది. మన 230 వోల్టుల కరెంటు మీద అది సుమారు 1,400 వాట్లకు మించి మోయలేదు. స్టవ్‌తో వచ్చిన లావు పిన్నుల ప్లగ్గుకు కన్వర్షన్ ప్లగ్ తగిలించి చిన్న పాయింట్‌లో పెడితే లోపల వైరు, పిన్నులు వేడెక్కి కరుగుతాయి. వాసన వచ్చిందంటే ఆ పని మొదలైనట్టే. ఆ పాయింట్ ఇంక వాడకండి. ఇంటి ఓనరుకు చెప్పి, ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ బోర్డు నుంచి సరైన వైరు లాగించి 16 ఆంపియర్ల పాయింట్ పెట్టించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మాత్రం తగిలించొద్దు. అద్దె ఇల్లు కదా, అడిగితే ఏమంటారోనని మొహమాటపడకండి. ఇది మీ ప్రాణానికి, ఆయన ఇంటికి సంబంధించిన విషయం.

ఇక వంట. నేను విజయవాడలో కాపురం పెట్టింది ఒంటిగది పోర్షన్‌లో. ఉన్నది ఒక్క కిరసనాయిలు స్టవ్. పొయ్యి ఒకటే అయినప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నదే అసలు విషయమని నాకు అక్కడే తెలిసింది. వేడిని పట్టి ఉంచేవి ముందు వండాలి, వేడి తగ్గితే రుచి పోయేవి చివర వండాలి.

అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చే 5 లీటర్ల కుక్కర్ ఒకటి కొనుక్కోండి. అయస్కాంతం అంటుకుంటే ఆ అడుగు పనికొస్తుంది. లేవగానే కందిపప్పు కడిగి అరగంట నానబెట్టండి. నానిన పప్పు నీళ్లతో సహా కుక్కర్ అడుగున వేసి, దాని మీద స్టాండు పెట్టి, గిన్నెలో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోసి మూత పెట్టండి. నాలుగు విజిల్స్ చాలు. ఆపగానే కుక్కర్‌ని దించి చెక్క పీట మీద పెట్టి వదిలేయండి. ఆవిరి దానంతట అది దిగడానికి పదీ పదిహేను నిమిషాలు పడుతుంది. లోపల ఉడకడం అప్పుడు కూడా సాగుతూనే ఉంటుంది. గరిటెతో విజిల్ ఎత్తి ఆవిరి వదిలేవాళ్లను చూస్తే నాకు భయం. పప్పు నురగ పైకి చిమ్మి ముఖం కాలుతుంది.

ఈలోగా స్టవ్ ఖాళీ. రాత్రే తరిగి పెట్టుకున్న దొండకాయో బెండకాయో బాణలిలో వేసేయండి (వంకాయ మాత్రం అప్పటికప్పుడే తరగాలి, నల్లబడుతుంది). కూర దిగేసరికి కుక్కర్ మూత వస్తుంది. పప్పు మెదిపి, చివరగా పోపు. అన్నం గిన్నెను తిరిగి కుక్కర్‌లోనే ఉంచి మూత వేస్తే తినే వేళకు పొగలు కక్కుతూనే ఉంటుంది.

గోంగూర పప్పు ఉడకకపోవడం మీ చేతి లోపం కాదు, కుక్కర్ లోపమూ కాదు. పులుపు తగిలితే పప్పు గింజ మెత్తబడదు. గోంగూర, చింతపండు, మామిడికాయ, ఏదైనా అంతే. పప్పు విడిగా ఉడికించి, గోంగూరను బాణలిలో మగ్గించి, ఆ తర్వాత రెండూ కలపండి. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు బోరు నీళ్లే. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి పప్పును గట్టిపరుస్తాయి. పప్పు నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగే నీళ్లు వాడి చూడండి. వంటసోడా వేయమని ఎవరైనా చెబితే వద్దనండి. ఉడుకుతుంది గానీ రుచీ పోతుంది, బి1 విటమినూ పోతుంది.

ప్రశ్న: ఆంటీ, నేను డల్లాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పోపు పెట్టిన ప్రతిసారీ స్మోక్ అలారం మోగుతోంది. మొన్న కంగారులో మెయిన్ డోర్ తీస్తే కారిడార్‌లో అలారం కూడా మోగి బిల్డింగ్ అంతా బయటికొచ్చింది. రూమ్మేట్ బ్యాటరీ తీసేద్దాం అంటున్నాడు.
— ఒక విద్యార్థి, డల్లాస్

జవాబు: బ్యాటరీ తీయొద్దు నాన్నా. దానికి గుడ్డ చుట్టొద్దు. రాత్రి మీరు నలుగురూ నిద్రలో ఉన్నప్పుడు నిజంగా నిప్పు అంటుకుంటే లేపేది అదొక్కటే. తలుపు కూడా కారిడార్ వైపు తీయకండి, కిటికీలు తెరవండి. అదీ పొగ వచ్చాక కాదు, మూకుడు పెట్టకముందే.

అక్కడి కరెంటు పొయ్యి తీరు మన గ్యాస్ లాంటిది కాదు. మంట తగ్గించినట్టు మీట తిప్పినా ఆ కాయిల్ చాలాసేపు ఎర్రగానే ఉంటుంది. అందుకే ఎండుమిర్చి మాడి ఘాటు లేస్తోంది. ‘హై’లో పెట్టకండి, మధ్యస్థంగా పెట్టి నూనె కాగనివ్వండి. ముందు శనగపప్పు, మినప్పప్పు. అవి రంగు తిరుగుతుండగా ఆవాలు వేసి మూత. చిటపటలు తగ్గగానే మూకుడు ఎత్తి పక్కన చల్లగా ఉన్న కాయిల్ మీద పెట్టేయండి. జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు అప్పుడు వేయండి. నూనెలో ఉన్న వేడే వాటికి చాలు. పొయ్యి పైనున్న ఫ్యాన్ మీద నమ్మకం పెట్టుకోకండి. చాలా అపార్ట్‌మెంట్లలో అది గాలిని బయటికి పంపదు, జల్లెడలోంచి లాగి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఆ జల్లెడకు నూనె జిడ్డు పడితే అసలు పనిచేయదు. ఊడదీసి వేడి నీళ్లు, గిన్నెల సబ్బుతో కడగండి.

ప్రశ్న: గారెలు వేస్తుంటే ఫోన్ వచ్చి పక్కకి వెళ్లాను. వచ్చేసరికి బాణలిలో నూనె అంటుకుని మండుతోంది. మా అత్తగారు చెంబెడు నీళ్లు పోయబోతే మా వారు ఆపారు. ఎవరిది సరి?
— ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: మీవారిదే సరి తల్లీ. ఆ క్షణంలో ఆయనకు తోచడం మీ అందరి అదృష్టం. మండే నూనెలో నీళ్లు పోస్తే, నీళ్లు బరువు కాబట్టి అడుక్కి పోయి ఒక్కసారిగా ఆవిరవుతాయి. ఆవిరిగా మారిన నీరు వెయ్యి రెట్లకు పైగా ఉబ్బుతుంది. ఆ ఊపుకి మండుతున్న నూనె ఇల్లంతా ఎగజిమ్ముతుంది. అత్తగారిని తప్పుపట్టకండి, నిప్పు మీద నీళ్లే పోయాలని అందరం చిన్నప్పటి నుంచి విన్నాం. ఆమెను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పండి.

చేతికి అందితే ముందు పొయ్యి కట్టేయండి. బాణలిని ఎత్తొద్దు, జరపొద్దు. దానికి సరిపోయే లోహపు మూత పక్కనుంచి జరుపుతూ కప్పి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి. తీసి చూస్తే గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది. ఆ మూత డీప్ ఫ్రై చేసే ప్రతిసారీ పొయ్యి పక్కనే ఉండాలి. మంట పెద్దదైతే అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి.

చెయ్యి కాలితే వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేసి, కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు ఏవీ వద్దు. ముఖం కాలినా, పసిపిల్లలకు కాలినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ప్రశ్న: చుట్టాలు వచ్చిన రోజే పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. బంగాళదుంప వేశాను, ఏమీ తగ్గలేదు.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తగ్గదమ్మా. దుంప ఉప్పొక్కదాన్నే ఏరుకుని పీల్చదు, ఉప్పు నీళ్లను పీలుస్తుంది. మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేనిది కలిపి పలచన చేయడమే దారి. కాసిన్ని నీళ్లు, ఉప్పు వేయకుండా ఉడికించిన సొరకాయ ముక్కలు, చారెడు ఉడికిన కందిపప్పు, నిమ్మకాయంత బెల్లం వేసి ఒక పొంగు రానివ్వండి. వేపుడు కూర అయితే వేయించిన నువ్వులపొడి, కొబ్బరి తురుము చల్లండి.

ప్రశ్న: మాకు ఒకటే సిలిండర్. ఎప్పుడు అయిపోతుందో తెలియక టెన్షన్. పోయిన ఆదివారం చికెన్ సగం ఉడికాక ఆగిపోయింది. సాయంత్రం సిలిండర్ వచ్చాక మళ్లీ వండితే బాగుంటుందా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: సాయంత్రం దాకా ఉంచకండి బాబూ. సగం ఉడికిన మాంసం గోరువెచ్చగా ఉండే ఆ కొన్ని గంటల్లోనే క్రిములు పెరుగుతాయి. మళ్లీ ఉడికించినా అవి వదిలిన విషాలు కొన్ని పోవు. అలాంటప్పుడు వెంటనే గిన్నె తీసుకుని పక్కింటికి వెళ్లి, వాళ్ల పొయ్యి మీద పూర్తిగా వండుకోండి.

గ్యాస్ ఎంత ఉందో చూడటానికి సిలిండర్‌ని ఊపొద్దు, పడుకోబెట్టొద్దు. తడిగుడ్డతో పైనుంచి కిందకి తుడిచి ఒక నిమిషం ఆగండి. గ్యాస్ ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే, ఖాళీ సిలిండర్ బరువు దానిమీదే రాసి ఉంటుంది. రెగ్యులేటర్ తీసి తూచి, వచ్చిన బరువులోంచి అది తీసేయండి. నిండు సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. 5 కిలోల చిన్న సిలిండర్లు కూడా దొరుకుతాయి, మీలాంటి ఇంట్లో ఒకటి ఉంచుకోవడం మంచిది. కొత్తది బిగించాక గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు.